కండెన్సర్‌కు కట్టిన తీగ

"నాలుగింటికి వ్యాన్ వస్తుంది. ఈలోగా నీ పెట్టె నోరు విప్పితే వింటాను. విప్పలేదా, ఈ అమ్మాయి నాతో వస్తుంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"దానికి నోరుంది సార్. ఎవరో గుడ్డలు కుక్కారు. అవి లాగుదామనే వచ్చాను" అంది చీమ.

ఆమె అసలు పేరు స్టేషన్లో కూడా ఎవరూ వాడరు. ప్రైవేటు డిటెక్టివ్. తనకు మించిన బరువులు నెత్తికెత్తుకుంటుందని ఎవరో వెటకారంగా అన్న మాట అలాగే అంటుకుపోయింది. మేనమామ రేడియో రిపేరు షాపులో పెరిగింది కాబట్టి పలక పట్టుకోకముందే స్క్రూడ్రైవర్ పట్టుకుంది.

భోజనాల బల్ల మీద సూట్‌కేసంత పాత స్పూల్ టేప్ రికార్డర్ ఉంది. గుమ్మం పక్కన ఆ ఇంటి కోడలు బిడ్డను భుజాన వేసుకుని నిలబడింది. బిడ్డకు జ్వరం తగ్గింది కానీ తల్లిని వదలటంలేదు. ఆమె కూడా వాణ్ణి దించడంలేదు. దించితే ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది.

"సార్, నన్ను తీసుకెళ్తే వీణ్ణి కూడా రానిస్తారా? వీడింకా నా పాలే తాగుతాడు. సీసా పెడితే మొహం తిప్పేసుకుంటాడు" అంది.

ఇన్‌స్పెక్టర్ గోడ వైపు చూశాడు. "అది తర్వాత చూద్దాం."

మూడు రోజుల కిందట ఈ ఇంట్లో ఆమె అత్తగారు చనిపోయింది. మంచం పట్టి చాలాకాలమైన మనిషి కాబట్టి మొదట ఎవరూ అనుమానపడలేదు. డాక్టరు రాసిచ్చిన నిద్రమందు చుక్కల సీసా ఖాళీగా కనబడ్డాక పోలీసులు వచ్చారు. మందు ఇచ్చేది కోడలే. భర్త లాయరు కోసం పరుగెత్తాడు. ఆమె పుట్టింటివాళ్లు చీమను పిలిపించారు.

"కేసు ఎంత తేలికో విను" అన్నాడు ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుంటూ. "సాయంత్రం అయిదున్నరకి ఈ అమ్మాయి పిల్లాణ్ణి తీసుకుని, బయట తాళం వేసుకుని, డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆరింటికి వీధంతా కరెంటు తీశారు. ఏడింటికి ఇచ్చారు. ఇచ్చిన కాసేపటికి పక్కింటావిడ గోడ అవతల నుంచి పెద్దావిడ మాటలు వింది. అంటే ఏడింటికి ప్రాణం ఉంది. ఏడున్నరకి ఈ అమ్మాయి తిరిగొచ్చింది. తొమ్మిదింటికి 'అత్తయ్య పలకట్లేదు' అని కేకలు. మధ్యలో ఈ గడప ఎవరూ తొక్కలేదు. ఇందులో నువ్వు దూరేంత సందు కూడా లేదు."

"చీమలు దూరని చిట్టడవులే నాకు అచ్చొస్తాయి సార్. ఆ మాటలు పెద్దావిడ నోట్లోంచి వచ్చాయో, దీన్లోంచి వచ్చాయో తేలాలి."

"చచ్చిన పెట్టె. నేనే స్వయంగా ప్లగ్గు పెట్టి చూశాను. దీపం కూడా వెలగలేదు. మామగారు పోయాక ఆరేళ్లుగా దాన్నెవరూ ముట్టుకోలేదని ఇంటిల్లిపాదీ చెప్పారు."

పక్కింటి పిన్నిగారు వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. చీమ ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

"ఆరోజు ఏం విన్నారమ్మా?"

"ఎన్నిసార్లు చెప్పమంటారు! 'పెద్దోడా, తమ్ముడి చెయ్యి వదలకు' అంది. తర్వాత ఏదో కథ. నక్క కథ కాబోలు."

"కరెంటు రాగానే వినబడిందా?"

"వెంటనే కాదు. ముందు గొణుగుడు. తర్వాత మెల్లమెల్లగా పైకొచ్చింది, బావిలోంచి చేద లాగినట్టు."

"నెలరోజులుగా ఒక్క మాట పూర్తిగా అనలేని మనిషి, కథ చెప్పిందా?"

"నేనూ అదే అనుకున్నా తల్లీ. ఇవాళ ఓపికొచ్చింది పాపం, మనవణ్ణి దగ్గర పెట్టుకుని కథ చెబుతోంది అనుకున్నా. స్టవ్ చిన్నది చేసి, గోడకి చెవి పెట్టి విన్నాను. సంతోషపడ్డాను కూడా."

"మనవడు అప్పటికి డాక్టరు దగ్గరున్నాడు" అంది చీమ నెమ్మదిగా. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "ఇది వాల్వుల పెట్టె సార్, లోపల బల్బుల్లా వెలిగే గాజు గొట్టాలుంటాయి. కరెంటు లేనప్పుడు రీలు ఎక్కించి, మీట నొక్కి, స్విచ్చి వేసి వదిలేస్తే, కరెంటు వచ్చిన క్షణానే చక్రాలు తిరుగుతాయి. గొంతు మాత్రం వాల్వులు వేడెక్కాకే వస్తుంది, చేద పైకొచ్చినట్టు. రీలు అయిపోతే చక్రాలు వాటంతటవే ఆగిపోతాయి. లోపల వాల్వులు మాత్రం వెలుగుతూనే ఉంటాయి. మనిషి పక్కన ఉండక్కర్లేదు."

"చచ్చిన పెట్టెకి ఇన్ని విద్యలా!" అన్నాడతను.

చీమ పెద్దావిడ గదిలోకి వెళ్లింది. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. పిన్నిగారి ఇంటి వైపు గోడకు ఆనించిన ఎత్తుపీట మీదే ఇన్నాళ్లూ రికార్డర్ ఉండేది. మూతేసి, పైన దుప్పటి కప్పి ఉంచేవారట. పీట పక్కనే ప్లగ్గు. కింది అరలో రీళ్ల అట్టపెట్టెలు వరుసగా ఉన్నాయి. అన్నిటి మీదా దుమ్ము పేరుకుంది. ఒక్కదాని మీద లేదు. ఆ ఒక్కటీ చంకన పెట్టుకుంది.

మంచం కోడు దగ్గర పెద్దకొడుకు నేల మీదే కూర్చుని ఉన్నాడు. చెప్పుల షాపు నడుపుతాడు, వేరే కాపురం. 'మందు ఇచ్చింది మా మరదలే, ఇంకెవరు ఇస్తారు' అని పోలీసులకు మొదట చెప్పింది ఇతనే.

"ఇంటి తాళంచెవి మీ దగ్గర కూడా ఉందట."

"ఉంది. తమ్ముడి దగ్గరా ఉంది. కన్నకొడుకులం, ఉండకూడదా?"

"ఆ రాత్రి మీరే ఇక్కడ కూర్చున్నారు కదా?"

"ఇంకెవరు కూర్చుంటారు? తమ్ముడు నైట్ డ్యూటీ. ఫోన్ చేస్తే, మార్చే మనిషి దొరకలేదు, తెల్లారాక వస్తానన్నాడు. కుర్చీ కూడా లేదు. ఆ పెట్టెకి ఆనుకుని కూర్చున్నా." అతను అరచేతిని చూసుకున్నాడు. "ఒక చెయ్యి అమ్మ చేతిలో ఉంది, ఇంకోటి దాని మీద. అమ్మ చెయ్యి చల్లబడిపోయింది. ఆ పెట్టె మాత్రం వెచ్చగా ఉంది. ఏంటీ అన్యాయం అనిపించింది."

గుమ్మంలోకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఆగిపోయాడు. "వెచ్చగా ఉందా? ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడిగితే కదా. అయినా ఏడ్చి ఏడ్చి ఒళ్లు కాలిపోతోంది, నా చెయ్యే అయ్యుంటుందనుకున్నా."

చీమ అతని మొహంలోకి కొంచెంసేపు చూసి, మళ్లీ బల్ల దగ్గరికి వచ్చింది.

మొదట ప్లగ్గు రెండు కాళ్లకూ మీటరు తీగలు ఆనించింది. రికార్డర్ స్విచ్చి వేసినా ముల్లు కదల్లేదు. తాడు పొడవునా వేళ్లతో తడిమింది, ఎక్కడా తెగలేదు. గాజు ఫ్యూజు తీసి కిటికీ వెలుతురుకు పట్టింది. లోపలి సన్నటి తీగ చెక్కుచెదరలేదు.

"ఫ్యూజు బాగుంది."

"అయితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయుంటుంది. ముసలి సరుకు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కాలితే ఫ్యూజు ముందు పోవాలి. కాలిన వాసనైనా ఉండాలి. చూడండి."

అతను వంగి ముక్కుతో పీల్చి, తుమ్మాడు. "దుమ్ము."

"దుమ్మే. కాలిన కంపు లేదు."

వెనక పలక విప్పింది. లోపల నల్లటి ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన గాజు వాల్వులు, గ్లాసంత అల్యూమినియం కండెన్సర్. చీమ చెయ్యి పెట్టలేదు. రబ్బరు పిడి స్క్రూడ్రైవర్ తీసుకుంది.

"ప్లగ్గు పీకేశాక కూడా భయమేంటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కండెన్సర్ పిసినారి ముసలమ్మ లాంటిది సార్. కరెంటు పోయినా కొంత కొంగున ముడేసి దాచుకుంటుంది. తెలియక చెయ్యి పెడితే ఎద్దు తన్నినట్టుంటుంది. ముందు దాన్ని ఖాళీ చెయ్యాలి..." అంటూ స్క్రూడ్రైవర్ లోపలికి పోనిచ్చి, మధ్యలో ఆపేసింది.

కండెన్సర్ రెండు కొసలనూ కలుపుతూ అప్పటికే ఒక చిన్న తీగ ఉంది. అటూ ఇటూ క్లిప్పులు. తీగ నడుమ నీలం పువ్వుల గుడ్డపీలిక ముడేసి ఉంది, కంటికి ఆనడానికి.

"ఏంటది?"

"తర్వాత ఈ పెట్టె విప్పేవాళ్లకి షాక్ కొట్టకూడదని ఎవరో పెట్టిన తీగ. ఇది ఉన్నంతసేపూ కండెన్సర్ ఏమీ దాచుకోలేదు. పని తెలిసినవాళ్లంతా ఇలా చెయ్యరు సార్. మా మామయ్య ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని పని చెయ్యమనేవాడు, అంతే. తీగ కట్టి మూయడం ఏదో ఒక ఇంటి అలవాటు."

"అది నాన్న అలవాటు" అన్నాడు పెద్దకొడుకు వెనక నుంచి. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. "నాన్న రికార్డింగ్ పని చేసేవాడు. ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక పెట్టె విప్పి ఉండేది. చిన్నప్పుడు నేను చెయ్యి పెట్టాను. ఎగిరి గోడకి కొట్టుకున్నా. ఆరోజు నాన్న అన్నం తినలేదు. అప్పట్నుంచి తీగ కట్టకుండా ఏ పెట్టే మూసేవాడు కాదు."

ఇన్‌స్పెక్టర్ కళ్లు అతని మీద నిలిచాయి. చీమ మాత్రం టార్చి వేసి, స్విచ్చి దగ్గర్నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా తీగలను ఒక్కొక్కటే వెతుకుతోంది. ఎర్ర తీగ దగ్గర వేలు ఆగింది. దాన్ని కట్టర్‌తో కత్తిరించి, రెండు కొసలనూ వెనక్కి దోపేశారు.

"ఇదీ మీ చచ్చిన పెట్టె. పాత రాగి నల్లబడుతుంది. ఈ కొస చూడండి, తోమిన చెంబులా ఎలా మెరుస్తోందో. తెగి నాలుగు రోజులు కూడా కాలేదు. పెట్టె చెడిపోలేదు సార్, చెడగొట్టారు. అదీ ఒక్క తీగ. కావాలంటే సుత్తితో బద్దలుకొట్టొచ్చు. కొట్టలేకపోయారు. పైగా ఎవరికీ దెబ్బ తగలకుండా జాగ్రత్తపడ్డారు."

"హంతకుడికి ఇంత దయా?"

"అదే నాకు మింగుడుపడట్లేదు."

చీమ రాగి కొసలు కలిపి టంకం పెట్టింది. గుడ్డపీలిక తీగను విప్పి బల్ల మీద పెట్టింది. సంచిలోంచి చెక్క బోర్డు తీసింది. దాని మీద హోల్డర్లో ఒక మామూలు బల్బు ఉంది. గోడ కరెంటు ఆ బల్బు గుండా రికార్డర్లోకి వెళ్లేలా కలిపింది.

"లోపల దోషం ఉంటే బల్బు భగ్గుమని అలాగే ఉండిపోతుంది. పెట్టె కాలకుండా ఆ దెబ్బ బల్బే తింటుంది. బాగుంటే వెలిగి మసకబారుతుంది."

స్విచ్చి వేసింది. బల్బు పెద్దగా వెలిగింది. మెల్లగా మసకబారింది. పిల్లవాడు తల్లి భుజం మీంచి తల తిప్పి, ఆ వెలుగు వైపు వేలు చూపించాడు.

"అయిపోయిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అసలు పరీక్ష ఇప్పుడు. వాల్వులు వేడెక్కాక కండెన్సర్ మీద బరువు పడుతుంది. ఏళ్ల తరబడి పడుకున్న కండెన్సర్ ఆ బరువు ఆపలేదు, కుండకి చిల్లిపడ్డట్టు కారిపోతుంది. అప్పుడు బల్బు మళ్లీ వెలుగుతుంది. చూస్తూ ఉండండి."

అందరూ బల్బునే చూశారు. పెట్టెలోంచి సన్నటి ఝుంకారం మొదలైంది. వాల్వులు ఎర్రబడ్డాయి. బల్బు మాత్రం మసకగానే ఉండిపోయింది.

చీమ గట్టిగా ఊపిరి వదిలింది. "ఆరేళ్లు నిద్రపోయింది ఇలా లేవదు. ఎవరో దీన్ని ముందే లేపారు. ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా కరెంటు తాగిస్తూ, రోజుల తరబడి. అప్పటికప్పుడు పుట్టిన బుద్ధి కాదిది."

కోడలు ఏదో అనబోయి ఆగింది. "పోయిన నెల వారం రోజులు పుట్టింట్లో ఉన్నాను" అంది చివరికి, ఎవరితోనో కాదు, తనలో తాను.

చీమ బల్బు బోర్డు తీసేసి, వాల్వులు చల్లారనిచ్చింది. దుమ్ములేని పెట్టెలోని రీలు ఎక్కించి, మీట నొక్కి, రికార్డర్‌ను నేరుగా గోడకు పెట్టింది. చక్రాలు తిరిగాయి. ముందు ఏమీ లేదు. తర్వాత గొణుగుడు. ఆ గొణుగుడు ఉబ్బుతూ ఉబ్బుతూ ఒక ఆడమనిషి గొంతయింది. నడివయసు గొంతు, నవ్వు ఆపుకుంటున్న గొంతు.

"...పెద్దోడా, తమ్ముడి చెయ్యి వదలకు. చిన్నోడా, ఇటు కూర్చో. ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే నక్క అక్కడే నిలబడిపోతుంది, ఇంటికి వెళ్లదు. అనగనగా..."

"ఊఁ" అన్నాయి టేపులో రెండు చిన్న గొంతులు.

"ఊఁ" అన్నాడు బల్ల దగ్గర పెద్దకొడుకు. అన్నట్టు అతనికే తెలియలేదు. తర్వాత రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"ఇదే! ఇదేనమ్మా, నేను విన్నది!" అని పిన్నిగారు పైటచెంగు నోట్లో కుక్కుకుంది.

చీమ మీట ఎత్తేసింది. కథ ఆగింది.

ఇన్‌స్పెక్టర్ లేచాడు. ఓడిపోయినవాడిలా లేడు. "ఒప్పుకున్నాను. టేపే. అంటే ఆవిడ ఏడింటికి కాదు, అంతకుముందే పోయింది. ఈ అమ్మాయి వెళ్లాక తాళం తీసి ఎవడో వచ్చాడు. ఇంటి తాళంచెవి, ఈ తీగ విద్య, రెండూ ఉన్నవాడు." అతని చెయ్యి పెద్దకొడుకు భుజం మీద పడింది. "అమ్మని తీసుకెళ్లి ఆశ్రమంలో పడేద్దామని పోరింది నువ్వే కదూ? మరదలి మీద చాడీ చెప్పిందీ నువ్వే."

"నేనా? నాకు టంకం పెట్టడం కూడా రాదు సార్! ఆ షాక్ తర్వాత నాన్న నన్ను ఏ పెట్టే ముట్టుకోనివ్వలేదు."

"అందరూ అదే అంటారు. పద."

"ఆగండి సార్" అంది చీమ. "పెట్టె వెచ్చగా ఉందని తన నోటితో చెప్పింది ఈయనే. వేడెక్కించినవాడు ఆ మాట చెబుతాడా?"

"నీ పెట్టె మాట్లాడింది. నీ అమ్మాయి బయటపడింది. ఇంకా ఏం కావాలి నీకు? పోయినసారి లాగా నా కేసులో పుల్లలు పెట్టకు."

"నాకు నిజం కావాలి. మిగతాది మీరే ఉంచుకోండి."

అప్పుడు చీమ కోడలి వైపు చూసింది. ఆమెకు ఆ గొడవ వినబడుతున్నట్టు లేదు. బల్ల మీది నీలం పువ్వుల గుడ్డపీలికను చూస్తోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

చీమ ఆమె దగ్గరికి వెళ్లింది. "అమ్మాయ్. నువ్వేం చెప్పకపోయినా ఇవాళ నిన్నెవరూ తీసుకెళ్లరు" అంది మెల్లగా. "అది నీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నా."

ఆమె తల ఊపింది. బిడ్డను భుజం మార్చుకుని వంటింట్లోకి వెళ్లింది. సొరుగు లాగిన చప్పుడైంది. ఎంతసేపటికో గానీ తిరిగి రాలేదు. వచ్చి, చేతిలోది బల్ల మీద మొదటి తీగ పక్కన పెట్టింది. అదీ రెండు క్లిప్పుల చిన్న తీగే. దాని నడుమా నీలం పువ్వుల పీలికే. అదే ముడి.

"నా పాత నైటీ అంచు" అంది. "పాత టీవీ విప్పినప్పుడు కట్టాడు. 'ఉత్త తీగైతే నీకు కనబడదే, పరధ్యానంగా చెయ్యి పెట్టేస్తావు' అని నా నైటీ చింపి మరీ కట్టాడు. నేను కొత్తది కొనిపెట్టమని పోట్లాడాను."

"ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, తెలిసీ.

"మా ఆయన."

పెద్దకొడుకు భుజం మీది చెయ్యి జారిపోయింది. "వాడే" అన్నాడు పెద్దకొడుకు. "తెల్లారి వచ్చి, 'నువ్వు కాస్త నడుం వాల్చు అన్నయ్యా, అమ్మ దగ్గర నేనుంటా' అని తలుపు మూశాడు. ఏడుస్తాడు కాబోలు, ఏడవనీ అనుకున్నా."

"కుదరదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నేను మొదట వాకబు చేసింది అతన్నే. ఆరున్నరకి డ్యూటీ ఎక్కాడు. ఏడింటికి అక్కడే ఉన్నాడు, తోటివాళ్లు నలుగురూ చెప్పారు."

"ఉన్నాడు సార్. వాళ్లు అబద్ధం చెప్పలేదు." ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. "ఆయన పని సబ్‌స్టేషన్లో. అక్కడివాళ్లకి చెప్పి ఆరింటికి మా వీధికి కరెంటు తీయించిందీ ఆయనే. ఏడింటికి, ఆ నలుగురి ముందే, స్విచ్చి వేసిందీ ఆయనే."

రికార్డర్ ఝుమ్మంటూనే ఉంది.

"'ఈ సాయంత్రమే వాణ్ణి డాక్టరుకి చూపించు, ఎలాగూ కరెంటు ఉండదు' అని ఆరోజు పంపిందీ ఆయనే. తిరిగొచ్చి పాలు తీసుకెళ్తే అత్తయ్య పడుకునుంది. వీడు ఏడుస్తున్నాడని తట్టి చూడకుండా వచ్చేశాను. తట్టినా ఒకటే అన్నమాట." ఆమె బిడ్డ వీపు నిమిరింది. "రాత్రుళ్లు ఆవిడ మూలుగుతుంటే చెవులు మూసుకుని గోడకి తిరిగి పడుకునేవాడు. 'దేవుడు తీసుకుపోడేంటే' అనేవాడు. మూడు రోజులుగా నా మొహం చూడట్లేదు. తల్లి పోయిన బాధ, అనుకున్నా."

"నువ్వు ఊరుకుని ఉండొచ్చు" అన్నాడు పెద్దకొడుకు, ఆమె వైపు చూడలేక. "నేను నీ మీద అంత మాట అన్నా కూడా..."

"నన్ను తీసుకెళ్తుంటే ఆయన ఊరుకున్నాడు బావగారూ. నేనూ ఊరుకుంటే వీణ్ణి ఏమని పెంచను?"

బయట గేటు దగ్గర స్కూటర్ ఆగింది. రెండు గొంతులు వినబడ్డాయి. ఒకటి లాయరుది కావచ్చు. రెండోది వినగానే బిడ్డ తల్లి భుజం మీంచి తలెత్తాడు. కాళ్లు ఆడించాడు.

ఇన్‌స్పెక్టర్ తలుపు పక్కకు జరిగి టోపీ సర్దుకున్నాడు. చీమ రికార్డర్ స్విచ్చి ఆపింది. కోడలు మొదటిసారి చీమ చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్లు మంచులా ఉన్నాయి.

"అక్కా, వాళ్ల నాన్న కనబడగానే వీడు చేతులు చాపుతాడు" అంది. "ఇవ్వనా? వద్దా?"

మెట్ల మీద చెప్పుల చప్పుడు దగ్గరయింది.